సర్వర్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ కెర్నెల్ మాడ్యూల్ కనిపించకపోతే ఎలా సరిచేయాలి?

లినక్స్ ఫైల్ సర్వర్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వీసు (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచేది) లేవకపోతే చాలామంది మొదట చేసే పని ఎన్‌ఎఫ్‌ఎస్ ప్యాకేజీని తీసేసి మళ్లీ వేయడం. అప్పటికీ లేవదు. మళ్లీ తీస్తారు, మళ్లీ వేస్తారు. ఈలోగా దాని మీద ఆధారపడ్డ కంప్యూటర్లన్నీ ఉరితాళ్లు బిగించినట్టు ఆగిపోయి ఉంటాయి. ఈ పద్ధతితో సమస్య ఎన్నటికీ తీరదు. ఉబుంటు, డెబియన్‌లలో ‘ఎన్‌ఎఫ్‌ఎస్-కెర్నెల్-సర్వర్’ అనే ప్యాకేజీ ఉంటుంది. పేరులో కెర్నెల్ అని ఉన్నా అందులో కెర్నెల్ మాడ్యూల్, అంటే లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్‌కు అవసరమైనప్పుడు తగిలించే ముక్క, ఒక్కటి కూడా ఉండదు. ఎక్స్‌పోర్టుల (పంచే డైరెక్టరీల) జాబితాను చదివే చిన్న ప్రోగ్రాములు, సర్వీసు ఫైళ్లు మాత్రమే ఉంటాయి. అసలు పని చేసే ‘ఎన్‌ఎఫ్‌ఎస్‌డీ’ మాడ్యూల్ కెర్నెల్ ప్యాకేజీతో పాటు వస్తుంది. కాబట్టి మాడ్యూల్ లేదన్నప్పుడు చూడవలసింది కెర్నెల్ వైపు.

ఆదేశాలను ఇక్కడ పలికే తీరులో తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. టెర్మినల్‌లో వాటిని మామూలుగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

కావలసినవి

సర్వర్ మీద రూట్ అధికారం, ఇంటర్నెట్ లేదా స్థానిక ప్యాకేజీ రిపాజిటరీ, పరీక్షించడానికి ఒక క్లయింట్ కంప్యూటర్. వీటితో పాటు ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీద దూరం నుంచి లాగిన్ అయ్యే దారి) కాకుండా సర్వర్ తెరను చూసే మరో దారి, అంటే కన్సోల్. సొంత మెషిన్ అయితే ఒక మానిటరు, కీబోర్డు చాలు. క్లౌడ్ సర్వర్ అయితే ఆ కంపెనీ ఇచ్చే వెబ్ కన్సోల్‌లోకి ముందే ఒకసారి లాగిన్ అయి చూసుకోండి. కన్సోల్ లేనివారు ఈ పని మొదలుపెట్టకూడదు. ఎందుకో రీబూట్ దగ్గర చెబుతాను.

ఏ మాడ్యూల్ కావాలో ముందు తేల్చుకోండి

ఫైళ్లను ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా పంచే సర్వర్‌కు ‘ఎన్‌ఎఫ్‌ఎస్‌డీ’ కావాలి. దాని వెనకే ‘లాక్‌డీ’, ‘సన్‌ఆర్‌పీసీ’ వంటివి వాటంతట అవే వస్తాయి. ఇంకో సర్వర్ పంచిన ఫైళ్లను తెచ్చుకునే క్లయింట్‌కు ‘ఎన్‌ఎఫ్‌ఎస్’, ‘ఎన్‌ఎఫ్‌ఎస్‌వీ4’ కావాలి. విండోస్ షేర్లను మౌంట్ చేసుకునే (తన డైరెక్టరీలా తగిలించుకునే) యంత్రానికి ‘సిఫ్స్’ కావాలి. విండోస్ పద్ధతిలో ఫైళ్లు పంచే సాంబా సర్వర్‌కు మాత్రం ఈ రకం మాడ్యూల్ ఏదీ అక్కర్లేదు. అది మామూలు ప్రోగ్రాములాగా కెర్నెల్ బయట నడుస్తుంది. సాంబా లేవకపోతే మాడ్యూల్ కోసం వెతకడం వృథా. 2021లో వచ్చిన 5.15 కెర్నెల్‌తో ‘కేఎస్‌ఎంబీడీ’ అనే కెర్నెల్ సర్వర్ కూడా చేరింది కానీ, అది సాంబా కాదు, వేరేది.

అసలు తప్పును చదవండి

‘సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్’ చూస్తే ‘డిపెండెన్సీ విఫలమైంది’ అనే ఒక్క ముక్క కనిపిస్తుంది. దాన్ని పట్టుకుని ఇంటర్నెట్ అంతా గాలించేవారే ఎక్కువ. జరిగినది ఇది: ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వీసు లేచే ముందు ‘/ప్రోక్/ఎఫ్‌ఎస్/ఎన్‌ఎఫ్‌ఎస్‌డీ’ అనే చోటును మౌంట్ చేయాలి. ఆ మౌంట్‌కు మాడ్యూల్ కావాలి. మాడ్యూల్ రాలేదు, మౌంట్ పడిపోయింది, దాని మీద ఆధారపడ్డ సర్వీసు కూడా పడిపోయింది. మీకు కనిపించేది చివరి ఫలితం మాత్రమే.

అందుకే సర్వీసును పక్కన పెట్టి, మాడ్యూల్‌ను చేత్తో ఎక్కించండి: ‘సూడో మాడ్‌ప్రోబ్ ఎన్‌ఎఫ్‌ఎస్‌డీ’. ఇది ఇచ్చే జవాబును అక్షరం పొల్లుపోకుండా చదవాలి. వచ్చే జవాబులు కొన్నే.

మాడ్యూల్ ఫలానా డైరెక్టరీలో దొరకలేదంటే, ఆ డైరెక్టరీ పేరును ఒక కాగితం మీద రాసుకోండి. మన పని అంతా దాని మీదే నడుస్తుంది. మాడ్యూల్ ఫార్మాట్ చెల్లదంటే ఫైలు ఉంది కానీ ఈ కెర్నెల్‌ది కాదని అర్థం. తాళంచెవి (కీ) అందుబాటులో లేదని గానీ, తాళంచెవిని తిరస్కరించామని గానీ వస్తే అది సెక్యూర్ బూట్ పని. సంతకం లేని మాడ్యూల్‌ను కెర్నెల్ రానివ్వడం లేదు. డిస్ట్రిబ్యూషన్ ఇచ్చిన మాడ్యూళ్లకు సంతకం ఉంటుంది కాబట్టి, ఎన్‌ఎఫ్‌ఎస్‌కు ఈ జవాబు వచ్చిందంటే ఎవరో బయటి నుంచి మాడ్యూల్ తెచ్చి పడేశారన్నమాట. అనుమతి లేదని వస్తే, రూట్‌గా ఉన్నారో లేదో చూసుకోండి. ఉంటే ‘కెర్నెల్.మాడ్యూల్స్_డిజేబుల్డ్’ విలువ 1 అయి ఉందేమో చూడండి. ఆ విలువను ఒకసారి 1 చేస్తే రీబూట్ చేసే వరకు తిరిగి మార్చలేరు.

ఇంకో రకం జవాబు అన్నింటికంటే ఎక్కువ తికమక పెడుతుంది. మాడ్‌ప్రోబ్ ఏ తప్పూ చూపదు, మౌనంగా ముగుస్తుంది, అయినా ‘ఎల్‌ఎస్‌మాడ్’ జాబితాలో మాడ్యూల్ ఉండదు. దీనికి కారణాలు రెండు. మొదటిది, మాడ్యూల్ కెర్నెల్‌లోనే కలిసిపోయి ఉండటం. అలాంటివి ఆ జాబితాలో రావు, ‘మాడ్యూల్స్.బిల్టిన్’ అనే ఫైలులో ఉంటాయి. అప్పుడు లోటు ఏమీ లేదు. రెండోది, భద్రత పేరుతో ఎవరో ‘/ఈటీసీ/మాడ్‌ప్రోబ్.డీ’ డైరెక్టరీలో ఒక ఫైలు పెట్టి, ఈ మాడ్యూల్ అడిగితే ‘/బిన్/ట్రూ’ను నడపమని రాసి ఉండటం. ఆ ప్రోగ్రాము ఏమీ చేయకుండానే ‘అయింది’ అని చెబుతుంది. భద్రతా ఆడిట్ తరువాత ఇచ్చిన స్క్రిప్టును చదవకుండా నడిపిన సర్వర్లలో ఇది చాలా చోట్ల కనిపిస్తుంది. ‘మాడ్‌ప్రోబ్ -ఎన్ -వీ ఎన్‌ఎఫ్‌ఎస్‌డీ’ అని కొడితే, ఏమీ ఎక్కించకుండానే ఏం చేయబోతుందో చూపిస్తుంది. అందులో ‘ఇన్‌స్టాల్ /బిన్/ట్రూ’ అని కనిపిస్తే ఆ ఫైలును వెతికి, ఆ ఒక్క పంక్తిని తీసేయండి. ఆ నిబంధన పెట్టినవారికి ఒక మాట చెప్పి మరీ తీయండి.

కంటెయినర్ అయితే ఇక్కడే ఆగండి

‘సిస్టమ్‌డీ-డిటెక్ట్-వర్ట్’ కొట్టండి. ఎల్‌ఎక్స్‌సీ, ఓపెన్‌వీజెడ్, డాకర్ అని వస్తే మీది పూర్తి సర్వర్ కాదు, హోస్టు కెర్నెల్‌ను పంచుకుంటున్న గది. మాడ్యూల్ ఎక్కించే హక్కు ఆ గదికి ఉండదు. లోపల ఎన్ని ప్యాకేజీలు వేసినా ప్రయోజనం లేదు. హోస్టు నిర్వాహకుడే ఎక్కించాలి. అది కుదరకపోతే కెర్నెల్ బయట నడిచే ‘ఎన్‌ఎఫ్‌ఎస్-గనేషా’ వాడుకోవచ్చు. నా మటుకు ఫైల్ సర్వర్‌ను కంటెయినర్‌లో పెట్టనే పెట్టకూడదు. దానికి పూర్తి వర్చువల్ మెషిన్ ఇవ్వాలి. గనేషా మంచి సాఫ్ట్‌వేరే, కానీ మామూలు కార్యాలయంలో, కళాశాల ల్యాబ్‌లో కెర్నెల్ సర్వర్ ఇచ్చే వేగం, నిలకడ దేనికీ రావు. ఫైళ్ల చదువూ రాతా అంతా కెర్నెల్ లోపలే జరిగిపోతుంది. ఇక ఎస్‌ఎస్‌హెచ్ మీద నడిచే ఎస్‌ఎస్‌హెచ్‌ఎఫ్‌ఎస్‌తో ల్యాబ్ మొత్తానికి హోమ్ డైరెక్టరీలు నడుపుతామనేవారి సంగతి నాకు అర్థం కాదు. అది ఒక మనిషి ఒక డైరెక్టరీని తాత్కాలికంగా చూసుకోవడానికి పనికొచ్చేది.

నడుస్తున్న కెర్నెల్, డిస్కు మీది మాడ్యూళ్లు: ఇక్కడే అందరూ తప్పు చేస్తారు

ఇక అసలు విషయం. తొందరపడకుండా చదవండి.

‘యూనేమ్ -ఆర్’ కొట్టండి. ఇప్పుడు మెమరీలో నడుస్తున్న కెర్నెల్ పేరు వస్తుంది. ఉబుంటు 22.04లో అయితే ‘5.15.0-91-జెనరిక్’ లాగా ఉంటుంది. తరువాత ‘/లిబ్/మాడ్యూల్స్’ డైరెక్టరీలో ఏమేమి ఉన్నాయో చూడండి. అక్కడ ఒక్కో కెర్నెల్‌కు ఆ కెర్నెల్ పేరుతోనే ఒక డైరెక్టరీ ఉంటుంది. మాడ్‌ప్రోబ్ నడుస్తున్న కెర్నెల్ పేరున్న డైరెక్టరీలో మాత్రమే వెతుకుతుంది. పక్క డైరెక్టరీలో అదే మాడ్యూల్ ఉన్నా కన్నెత్తి చూడదు.

ఇప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి చివరి అక్షరం దాకా పోల్చండి. 91, 94 ఒకటి కాదు. ‘జెనరిక్’, ‘కేవీఎం’ ఒకటి కాదు. ‘5.15 ఉందిగా, సరిపోతుంది’ అనుకోవడమే ఎక్కువమంది చేసే పొరపాటు. కంటితో చూసి వదిలేయకండి. తెర మీది పేరును కాపీ చేసి ఆ డైరెక్టరీలోకే వెళ్లి చూడండి. వెళ్లగలిగితే ఉన్నట్టు, వెళ్లలేకపోతే లేనట్టు.

డైరెక్టరీ లేకపోతే, లేదా మిగిలినవి 94వే అయి మెమరీలో 91 నడుస్తుంటే, మీ సర్వర్ మాడ్యూళ్లు ఎక్కడికీ పోలేదు, కొత్త కెర్నెల్ పేరుతో ఉన్నాయి. కెర్నెల్ అప్‌డేట్ అయింది, ఎవరూ రీబూట్ చేయలేదు, పాత కెర్నెల్ డైరెక్టరీ తుడిచిపెట్టుకుపోయింది. ఆర్చ్ లినక్స్‌లో అప్‌డేట్ అవుతూనే పాత మాడ్యూళ్లు తొలగిపోతాయి కాబట్టి ఇది తరచూ జరుగుతుంది. రెడ్‌హ్యాట్ కుటుంబంలో మామూలుగా మూడు కెర్నెళ్లు నిలువ ఉంటాయి. డెబియన్, ఉబుంటు కూడా నడుస్తున్నదాన్ని కాపాడతాయి. అక్కడ ఇది జరిగిందంటే ‘/బూట్’ నిండిపోయిందని ఎవరో పాత కెర్నెళ్లను చేత్తో తీసేసి ఉంటారు. అప్పటికే ఎక్కిన మాడ్యూళ్లు మెమరీలో ఉంటాయి కాబట్టి సర్వర్ రోజుల తరబడి బాగానే నడుస్తుంది. కొత్త మాడ్యూల్ అడిగిన రోజునే బయటపడుతుంది. అందుకే ‘నిన్నటి దాకా బాగుంది, నేనేమీ మార్చలేదు’ అనే మాట వస్తుంది.

యూనేమ్ చూపిన పేరు మీరు వేసిన ఏ కెర్నెల్ ప్యాకేజీతోనూ సరిపోలకపోతే, కొన్ని వీపీఎస్ (అద్దె వర్చువల్ సర్వర్) సేవల్లో లాగా కెర్నెల్ బయటి నుంచి వస్తోందని గుర్తించాలి. అప్పుడు ప్యాకేజీలు వేయడం దండగ. వారి కంట్రోల్ ప్యానెల్‌లో కెర్నెల్ ఎంపికను డిస్ట్రిబ్యూషన్ సొంత కెర్నెల్‌కు, అంటే దాన్ని బూట్ చేసే గ్రబ్‌కు మార్చాలి.

డైరెక్టరీ ఉండి, పేరు సరిపోలి, అయినా మాడ్యూల్ లేకపోతే అది వేరే సంగతి. ముందు నిజంగా లేదో చూడండి. ఆ డైరెక్టరీలో ‘ఎన్‌ఎఫ్‌ఎస్‌డీ.కేఓ’ అనే పేరు వెనక ఒక నక్షత్రం గుర్తు పెట్టి ‘ఫైండ్’తో వెతకండి. నక్షత్రం లేకుండా వెతికి లేదని తేల్చేసేవారు ఉంటారు. ఉబుంటు 24.04లో ఆ ఫైలు చివర ‘జెడ్‌ఎస్‌టీ’, రెడ్‌హ్యాట్ కుటుంబంలో ‘ఎక్స్‌జెడ్’ అని కుదించిన రూపంలో ఉంటుంది. ఫైలు దొరికినా మాడ్‌ప్రోబ్ లేదంటోందా? అయితే మాడ్‌ప్రోబ్ చూసే మాడ్యూళ్ల సూచిక పాతబడింది. ‘సూడో డెప్‌మాడ్ -ఏ’ కొడితే చాలు, ఇంకేమీ అక్కర్లేదు.

ఫైలే లేకపోతే కెర్నెల్‌ను కుదించి ఇచ్చారని అర్థం. క్లౌడ్ కెర్నెళ్లు చిన్నవిగా ఉండాలని కొన్ని మాడ్యూళ్లను ‘లినక్స్-మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా’ అనే వేరే ప్యాకేజీలో పెడతారు. విండోస్ షేర్లకు కావలసిన సిఫ్స్ చాలా చోట్ల అక్కడే ఉంటుంది. సొంతంగా కెర్నెల్ కట్టుకున్నవారైతే ‘/బూట్’లో కాన్ఫిగ్ ఫైలు తెరిచి ‘కాన్ఫిగ్_ఎన్‌ఎఫ్‌ఎస్‌డీ’ పంక్తి చూడండి. ‘ఎం’ అంటే మాడ్యూల్, ‘వై’ అంటే లోపలే ఉంది. ‘నాట్ సెట్’ అంటే అసలు కట్టలేదు. ‘లోకల్‌మాడ్‌కాన్ఫిగ్’ వాడి కెర్నెల్ కట్టినవారు ఈ గోతిలో తప్పకుండా పడతారు. ఆ పద్ధతి ఆ క్షణాన ఎక్కి ఉన్న మాడ్యూళ్లనే ఉంచి మిగతావన్నీ తీసేస్తుంది. ఆ సమయానికి ఎన్‌ఎఫ్‌ఎస్ నడవకపోతే అది కూడా పోతుంది.

ఇక్కడ చేయకూడనివి మూడు ఉన్నాయి. ఎంత చెప్పినా మళ్లీ మళ్లీ చేస్తూనే ఉంటారు. 91 డైరెక్టరీ లేదని 94 డైరెక్టరీకి 91 అని పేరు మార్చడమో, లింకు పెట్టడమో చేయకండి. మాడ్యూల్ లోపల అది ఏ కెర్నెల్ కోసం కట్టారో రాసి ఉంటుంది. ‘మాడ్‌ఇన్‌ఫో’ కొడితే ‘వర్‌మ్యాజిక్’ అనే పంక్తిలో కనిపిస్తుంది. కెర్నెల్ అలాంటి తేడాలు చూసి చాలాసార్లు వెనక్కి పంపుతుంది. రెండోది, పక్క సర్వర్ నుంచి మాడ్యూల్ ఫైలును కాపీ చేసి తెచ్చి ‘ఇన్స్‌మాడ్’తో ఎక్కించడం. ఇన్స్‌మాడ్ తోడు మాడ్యూళ్లను తీసుకురాదు, గుర్తు తెలియని సింబల్ అంటూ ఆగిపోతుంది. మూడోది అన్నింటికంటే చెడ్డది: ‘ఫోర్స్’ ఆప్షన్ పెట్టి బలవంతంగా ఎక్కించడం. ఫైళ్లు రాసే మాడ్యూల్‌ను తప్పు కెర్నెల్‌లోకి తోస్తే సర్వర్ పడిపోవడం ఒక ఎత్తు, పడిపోకుండా తప్పుగా రాయడం మరో ఎత్తు. అందరి ఫైళ్లూ ఉన్న డిస్కు అది. ఒక పూట సర్వీసు ఆగితే తిరిగి వస్తుంది, చెడిపోయిన డేటా రాదు.

ప్యాకేజీ వేయడం

రీబూట్ చేయకపోవడం వల్లే వచ్చిన సమస్య అయితే ఇది దాటేయండి. ఉబుంటులో ‘లినక్స్-మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా-’ తరువాత యూనేమ్ చూపిన పేరు తగిలించి ఆప్ట్‌తో వేయాలి. రెడ్‌హ్యాట్ కుటుంబంలో ‘కెర్నెల్-మాడ్యూల్స్’ ప్యాకేజీని అదే వర్షన్ చెప్పి వేయాలి. ఏ ప్యాకేజీలో ఉందో తెలియకపోతే ‘డీఎన్‌ఎఫ్ ప్రొవైడ్స్’ను అడగండి. అది చెబుతుంది.

అయితే ఒక వర్షన్‌కు మాత్రమే వేసి వదిలేస్తే, తరువాతి కెర్నెల్ అప్‌డేట్ రోజున కథ మళ్లీ మొదటికి వస్తుంది. కొత్త కెర్నెల్‌కు ఎక్స్‌ట్రా ప్యాకేజీ దానంతట రాదు. అందుకే ప్రతి కొత్త కెర్నెల్‌తో పాటు తానూ మారే మెటా ప్యాకేజీ వేయాలి. అమెజాన్ కెర్నెల్‌కు ‘లినక్స్-మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా-ఏడబ్ల్యూఎస్’, అజూర్‌కు అదే పేరు చివర ‘అజూర్’, గూగుల్‌కు ‘జీసీపీ’. వర్చువల్ కెర్నెల్‌కు ‘లినక్స్-ఇమేజ్-ఎక్స్‌ట్రా-వర్చువల్’. ఇంటర్నెట్‌లో దొరికే జవాబుల్లో సగం ఈ ముక్క చెప్పవు.

రీబూట్ చేసే ముందు

పేరు సరిపోలి ప్యాకేజీ వేసి ఉంటే రీబూట్ అక్కర్లేదు, మాడ్‌ప్రోబ్ మళ్లీ కొట్టండి. పేరు సరిపోలకపోతే రీబూట్ తప్పదు. ‘/బూట్’లో ఖాళీ ఉందో లేదో ‘డీఎఫ్ -హెచ్’తో చూడండి. కొత్త కెర్నెల్ వర్షన్‌కు ‘ఇనిట్‌ఆర్‌డీ’ ఫైలు (బూట్ మొదట్లో కెర్నెల్ వాడుకునేది) అక్కడ ఉందో లేదో, దాని పరిమాణం సున్నా కాదో చూడండి. ‘/బూట్’ నిండి కెర్నెల్ ప్యాకేజీ సగంలో ఆగిన సర్వర్‌ను రీబూట్ చేస్తే అది లేవకపోవచ్చు. ఎస్‌ఎస్‌హెచ్ ఒక్కటే చేతిలో ఉంటే అప్పుడు మీరు చేయగలిగింది ఏమీ ఉండదు. కన్సోల్ ముందే సిద్ధం చేసుకోమన్నది అందుకే.

పంచుతున్న డైరెక్టరీ వేరే డిస్కు మీద ఉంటే ఇంకో జాగ్రత్త. రీబూట్‌లో ఆ డిస్కు మౌంట్ కాకపోతే ఎన్‌ఎఫ్‌ఎస్ దాని కింద ఉన్న ఖాళీ డైరెక్టరీని పంచుతుంది. వాడేవారికి తమ ఫైళ్లన్నీ పోయినట్టు కనిపిస్తుంది, కొందరు కొత్తవి కూడా రాసేస్తారు. ‘/ఈటీసీ/ఎక్స్‌పోర్ట్స్’లో ఆ పంక్తికి ‘మౌంట్‌పాయింట్’ ఆప్షన్ పెడితే, డిస్కు మౌంట్ అయితేనే పంచుతుంది. వేరే డిస్కు ఉన్న ప్రతి సర్వర్‌లోనూ ఇది ఉండాలి.

క్లయింట్లు ‘హార్డ్’ మౌంట్‌లో ఉన్నాయో చూసుకోండి. అదే డిఫాల్ట్. సర్వర్ లేచే దాకా అవి ఓపికగా ఎదురుచూసి పని కొనసాగిస్తాయి. ఆగిపోతున్నాయని ‘సాఫ్ట్’ పెట్టినవారు రాత మధ్యలో తెగిపోయిన ఫైళ్లతో మిగులుతారు. సాఫ్ట్ వద్దు.

లేచాక

‘యూనేమ్ -ఆర్’, ‘మాడ్‌ప్రోబ్’, ‘ఎల్‌ఎస్‌మాడ్’ వరుసగా చూడండి. తరువాతే సర్వీసు. ‘/ప్రోక్/ఎఫ్‌ఎస్/ఎన్‌ఎఫ్‌ఎస్‌డీ/వర్షన్స్’ ఫైలు తెరిస్తే +3, +4, +4.1, +4.2 అని కనిపించాలి. నేను 3ను ఆపేసి 4.2 మాత్రమే ఉంచుతాను. 2049 పోర్టు ఒక్కటి తెరిస్తే చాలు, 111తో, మారుతూ ఉండే ఇతర పోర్టులతో తలనొప్పి ఉండదు. ‘ఎక్స్‌పోర్ట్‌ఎఫ్‌ఎస్ -వీ’ చూసి, క్లయింట్ నుంచి మౌంట్ చేసి, ఒక చిన్న ఫైలు రాసి, చదివి, తుడిచి చూడండి.

ఆ ఫైలు వెంటనే తెరుచుకోకపోతే కంగారు పడకండి. ఎన్‌ఎఫ్‌ఎస్ 4 సర్వర్ లేచిన తరువాత మామూలుగా 90 సెకన్ల పాటు పాత క్లయింట్లు తమ లాకులను (ఫైళ్ల మీద ముందే పట్టుకున్న హక్కులను) తిరిగి చెప్పుకోవడానికి గడువు ఇస్తుంది. ఆ గడువులో కొత్తగా ఫైలు తెరవడం ఆగుతుంది. ఇంకా పని చేయడం లేదనుకుని సర్వీసును మళ్లీ రీస్టార్ట్ చేస్తే గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కకు వస్తుంది. గడియారం చూసుకుంటూ ఆ 90 సెకన్లూ ఏ కీ నొక్కకుండా ఆగండి, ఆ తరువాతే క్లయింట్‌లో మళ్లీ ప్రయత్నించండి.